రెండో చరణం ఎక్కడికి పోయింది? రికార్డు ప్లేటు నుంచి రీల్ దాకా తెలుగు పాట నిడివి కథ

క్లుప్తంగా: కొత్త తెలుగు సినిమా పాటల్లో చాలావాటికి రెండో చరణం ఉండటం లేదు. వినేవాళ్లకు ఓపిక పోయిందని అందరూ అనేస్తున్నారు. కానీ పాట ఎంతసేపు ఉండాలో మొదటి నుంచీ ప్రధానంగా తేల్చినవి రెండే: పాటను మోసుకొచ్చే సాధనం, దానికి డబ్బు పెట్టే మనిషి. సినిమా పాట కుదించుకుపోయిన ఈ కాలంలోనే హైదరాబాద్ బరాత్‌లలో మోగే జానపద పాటలు మూడు నాలుగు చరణాలతో దర్జాగా నడుస్తున్నాయి. ఓపిక వాదన నిలవదని చెప్పడానికి అవి చాలు.

ఇప్పుడు పాట ఎలా బయటికొస్తోంది

పదిహేనేళ్ల కిందట పెద్ద సినిమా పాటలంటే ఆడియో ఫంక్షన్. మాదాపూర్ శిల్పకళా వేదికలోనో మరో చోటో సభ పెట్టి, ముఖ్య అతిథి చేత సీడీ విడుదల చేయించేవారు. ఆ రాత్రికి ఆరు పాటలూ ఒకేసారి జనం చేతికి వచ్చేవి. ఏ పాట బాగుందో, ఏది దాటేయాలో వినేవాడే తేల్చుకునేవాడు.

ఇప్పుడు ఆ సభ 'ప్రీ రిలీజ్ ఈవెంట్' అయింది. అప్పటికి పాటలన్నీ పాతబడి ఉంటాయి. మొదటి సింగిల్ సినిమాకు మూడు నాలుగు నెలల ముందే వస్తుంది. దానికి ముందు ప్రోమో, ప్రోమో ఫలానా రోజు వస్తుందని చెప్పడానికి ఒక పోస్టరు. తర్వాత రెండో సింగిల్, మూడో సింగిల్. 2019 సెప్టెంబరులో వచ్చిన 'సామజవరగమన' లిరికల్ వీడియో ఈ పద్ధతి బలం ఏమిటో అందరికీ చూపించింది. సినిమా విడుదలైంది 2020 సంక్రాంతికి. అంటే తెర మీద ఒక్క షాటు చూడకముందే పాట ఇంటింటా తిరిగింది. వీడియోలో కనిపించింది కూడా హీరో హీరోయిన్లు కాదు, గాయకుడు, వాద్యకారులు, సంగీత దర్శకుడు.

అమ్ముడుపోయే సరుకుగా ఉన్న పాట ఈ మార్పుతో సినిమా టికెట్‌ను అమ్మిపెట్టే ప్రచారంగా మారింది. నిడివి తగ్గడానికి మూలం ఇక్కడ ఉంది. అయితే ఇలా జరగడం ఇదే మొదటిసారి కాదు.

మూడు నిమిషాల లెక్క ఎవరు పెట్టారు

తెలుగు నాటకానికి నిడివి లెక్క లేదు. పద్యం బాగా కుదిరితే జనం 'వన్స్ మోర్' అని అరిచేవారు, నటుడు మళ్లీ ఎత్తుకునేవాడు. రాగం ఎంతసేపు తీయాలన్నది ఆ రాత్రి సభను బట్టి ఉండేది. తొలి టాకీలు ఈ అలవాటునే తెర మీదికి తెచ్చాయి. 1932లో వచ్చిన హిందీ 'ఇంద్రసభ'లో పాటలు 70 దాకా ఉన్నాయి. అదే ఏడాది తెలుగులో 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అది కూడా నాటకం నుంచి కదిలి వచ్చినదే.

పాటకు కొలత పెట్టింది గ్రామఫోన్ ప్లేటు. 1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ పాడిన రికార్డింగులతో ఈ దేశంలో ఆ వ్యాపారం మొదలైంది. గంట పాడే ఖయాల్‌ను ఆమె మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు పట్టేది అంతే. పాట పెద్దదైతే సగం ఒక వైపు, సగం మరో వైపు. తర్వాతి దశాబ్దాల్లో సినిమా పాట ఈ కొలతలోనే స్థిరపడింది. పల్లవి, చిన్న వాద్య విరామం, చరణం, మళ్లీ పల్లవి, ఇంకో విరామం, ఇంకో చరణం. మూడు, మూడున్నర నిమిషాల్లో రెండు చరణాలు హాయిగా ఇమిడేవి, ఎందుకంటే విరామాలు చిన్నవి.

ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నిడివి చూస్తే 1950ల పాట ఇప్పటి పాట కంటే పెద్దదేమీ కాదు. అప్పటితో పోలిస్తే పోయినవి నిమిషాలు కావు, చరణాలు.

పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే జరిగింది. 1948లో లాంగ్ ప్లే రికార్డు, ఆ మరుసటి ఏడాది 45 చుట్ల చిన్న ప్లేటు వచ్చాక అక్కడ ఆల్బమ్, సింగిల్ అని రెండు వ్యాపారాలు వేరుపడ్డాయి. రేడియోలో మోగాల్సిన సింగిల్ మాత్రం మూడు నిమిషాల గీత దాటకూడదన్న అలిఖిత నియమం ఉండేది. 1965లో బాబ్ డిలాన్ పాడిన 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' ఆరు నిమిషాలు దాటింది. రేడియో స్టేషన్లకు పంపిన కాపీల్లో ఆ పాటను రెండు ముక్కలు చేసి రెండు వైపులా వేశారు. శ్రోతలు మొత్తం పాట వేయమని పట్టుబట్టడంతో స్టేషన్లు దిగొచ్చాయి. జనానికి ఓపిక లేదని కంపెనీ ముందే తీర్మానించుకోవడం అప్పుడూ ఉంది.

రేడియో చేసిన మేలు

1952లో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే చిన్నచూపు. ఆకాశవాణిలో వాటి వాటా బాగా తగ్గిపోయింది. లాభపడింది కొలంబో. రేడియో సిలోన్ హిందీ పాటలతో దేశమంతా శ్రోతలను లాగేసుకుంది, తెలుగు ప్రసారాలు కూడా నడిపింది. ప్రభుత్వం దారికొచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టింది. హైదరాబాద్‌కు అప్పటికే రేడియో అలవాటు ఉంది. నిజాం కాలం నాటి డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది.

రేడియోకు ఒక మంచి అలవాటు ఉండేది. ప్రతి పాటకూ ముందు సినిమా పేరుతో పాటు రచన ఎవరు, సంగీతం ఎవరు, పాడింది ఎవరు అని చెప్పేవారు. ఆత్రేయ ముఖం ఎన్నడూ చూడని ఇల్లాలికి కూడా ఆయన పేరు తెలియడానికి కారణం అదే. రాసినవాడి పేరు తెలిసిన శ్రోత రెండో చరణంలో అతను ఏం చెబుతాడోనని వింటాడు. తర్వాత వచ్చిన ప్రైవేటు ఎఫ్ఎంలు ఈ పేర్లు చదవడం చాలావరకు మానేశాయి. చిన్న విషయంగానే కనిపిస్తుంది గానీ, పాటలో సాహిత్యం విలువ పడిపోవడానికి ఇది కూడా ఒక మెట్టు.

క్యాసెట్ ఇచ్చిన వెసులుబాటు

ఫిలిప్స్ కంపెనీ 1963లోనే క్యాసెట్ తెచ్చినా, మన ఊళ్లలో దాని రాజ్యం 1980లలో మొదలైంది. గల్ఫ్ వెళ్లినవాళ్లు తెచ్చిన టూ ఇన్ వన్‌లు (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసినవి) హైదరాబాద్ పాతబస్తీలోనూ కరీంనగర్ పల్లెల్లోనూ ఒకేసారి మోగాయి. అప్పటిదాకా రికార్డు ప్లేటు కొనగలిగింది ఉన్నవాళ్లే, ఆ వ్యాపారం దాదాపు మొత్తం హెచ్ఎంవీ చేతిలో ఉండేది. 1983లో గుల్షన్ కుమార్ టీ సిరీస్ పెట్టి, తక్కువ ధరకు క్యాసెట్లు వదలడంతో దేశమంతటా ఆ గుత్తాధిపత్యం కూలింది. తెలుగులోనూ కొత్త ఆడియో కంపెనీలు లేచాయి. ఖాళీ క్యాసెట్ కొని, పాటల చిట్టీ రాసిచ్చి, రికార్డింగ్ షాపులో ఎక్కించుకోవడం ఊరూరా ఒక ఉపాధి అయింది. దొంగ క్యాసెట్ల బెడద దానికి అనుబంధం.

పాట నిడివి మీద క్యాసెట్ ప్రభావం నేరుగా పడింది. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో వైపు అరగంట. సినిమాకు ఐదారు పాటలు. లెక్క వేస్తే ఒక్కో పాటకు ఐదు నిమిషాలు దొరుకుతాయి. ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా వేసి అమ్మిన క్యాసెట్లు బోలెడు. ఈ జాగా దొరికింది కాబట్టే విరామ సంగీతం పెరిగింది. వయొలిన్ల గుంపు ఒక ఆలోచన మొదలుపెడితే వేణువు దాన్ని అందుకుని ముగించేంత తీరిక వచ్చింది. ఇళయరాజా పాటల్లో మొదటి విరామం ఒక రకంగా, రెండోది పూర్తిగా వేరుగా ఉండటం శ్రోతలు పోల్చుకుని మాట్లాడుకునే విషయమైంది. రెండో విరామం ఉందంటే దాని తర్వాత రెండో చరణం ఉండి తీరాలి. నిజానికి తెలుగు పాటలో 'రెండు చరణాలు తప్పనిసరి' అన్న భావన గట్టిపడింది ఈ కాలంలోనే.

సినిమాకు బయట క్యాసెట్ చేసిన పని ఇంకా పెద్దది. ఘంటసాల భగవద్గీత 1974లో ఆయన మరణం తర్వాత ప్లేటుగా వచ్చినా, గుడి మైకు దగ్గరకూ చావింటి గుమ్మం దగ్గరకూ చేర్చింది క్యాసెట్టే. జన నాట్య మండలి పాటలు, గద్దర్ గొంతు, తర్వాత తెలంగాణ ఉద్యమ కాలపు ధూంధాం పాటలు రేడియో స్టేషన్ గడప తొక్కకుండానే ఊళ్లు చుట్టాయి. క్యాసెట్టుకూ సీడీకీ ఎవరి అనుమతీ అక్కర్లేదు మరి. వాటిలో పాట ఎంత పొడవన్నది సభ తేల్చింది, పాత పద్యనాటకంలో లాగే.

కాల్షీట్ పోయింది, విరామం పోయింది

హైదరాబాద్‌లో స్టూడియోలు ముందే వచ్చాయి. సారథి స్టూడియోస్ 1950లలో, అన్నపూర్ణ 1976లో. షూటింగులు ఇటు మళ్లినా పాటల రికార్డింగ్ మాత్రం చాలాకాలం మద్రాసులోనే ఉండిపోయింది. కారణం వాద్యకారులు. పెద్ద వయొలిన్ బృందం, తబలా, వీణ, గిటార్ వాయించేవాళ్లు కోడంబాక్కం చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఉదయం కాల్షీట్‌కు, అంటే ముందే కుదుర్చుకున్న పని వేళకు, అందరూ వచ్చి, నొటేషన్ చూసుకుని, గాయకులతో కలిసి ఒకేసారి వాయిస్తే మధ్యాహ్నానికి పాట తయారు. యాభై మందిని పిలిచి డబ్బిచ్చినప్పుడు ఒక విరామం అదనంగా వాయించడానికి ఖర్చు పెద్దగా పెరగదు.

ట్రాకులు విడివిడిగా రికార్డు చేసే పద్ధతి, ఆ తర్వాత కంప్యూటర్ వచ్చాక ఈ లెక్క తిరగబడింది. 1990లలో సంగీత దర్శకులు నెమ్మదిగా హైదరాబాద్‌కు మారారు, వాద్యకారుల గుంపు మారలేదు. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్‌లలో చిన్న గదుల్లో కీబోర్డ్ మీద పాట పుడుతుంది. గాయకుడు ముంబైలోనో చెన్నైలోనో పాడి ఫైల్ పంపుతాడు. ఇప్పుడు నిజం వయొలిన్లతో ముప్పై సెకన్ల విరామం కావాలంటే దానికి విడిగా బడ్జెట్ అడగాలి. కంప్యూటర్‌లో తిప్పి తిప్పి వాడుకునే ముక్క, అంటే లూప్ అయితే ఊరికే వస్తుంది. కాబట్టి విరామం స్థానంలో పదే పదే వచ్చే ఒక చిన్న సంగీత ముక్క నిలబడింది. దాన్నే ఇప్పుడు హుక్ అంటున్నారు.

కాలర్ ట్యూన్ దగ్గర పడిన కత్తెర

నిడివి తగ్గింపును రీల్స్ ఖాతాలో వేయడం అలవాటైంది గానీ, కత్తెర పడింది అంతకు చాలా ముందు. 2006లో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు హైదరాబాద్‌కు వచ్చాయి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న శ్రోతకు ఆర్‌జే మాటలు, ప్రకటనలు, పాటలు గంటలో సర్దాలి. రెండో చరణానికి ముందు పాట ఆపేయడం అక్కడ మామూలైంది. అదే కాలంలో కాలర్ ట్యూన్లు వచ్చాయి. అవతలివాడు ఫోన్ ఎత్తేలోపు వినిపించే ముక్కకు నెలనెలా డబ్బు వసూలయ్యేది. సీడీ అమ్మకాలు ఎంపీ3 సైట్ల దెబ్బకు కుప్పకూలిన ఆ రోజుల్లో ఆడియో కంపెనీలను నిలబెట్టిన ఆదాయాల్లో ఇదొకటి. పాటలో ఏ ముప్పై సెకన్లు అమ్ముడుపోతాయన్న ప్రశ్న మొదట పుట్టింది ఇక్కడ.

యూట్యూబ్ ఆ ప్రశ్నను పెద్దది చేసింది. 2011లో తమిళ 'కొలవెరి', 2012లో కొరియన్ 'గంగ్నమ్ స్టైల్' భాష రానివాళ్లను కూడా పట్టుకున్నాయి. తెలుగుకు ఆ అనుభవం 2020 లాక్‌డౌన్‌లో వచ్చింది. అప్పటి సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ డేవిడ్ వార్నర్ ఆస్ట్రేలియాలో తన ఇంట్లో 'బుట్టబొమ్మ'కు వేసిన స్టెప్పులు టిక్‌టాక్‌లో తిరిగాయి. ఆ జూన్ నెలాఖరున టిక్‌టాక్ నిషేధానికి గురైంది, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. యాప్ మారినా అలవాటు మారలేదు. హుక్ స్టెప్ ఎక్కడ పడాలన్నది పాట కట్టేటప్పుడే మాట్లాడుకునే విషయమైంది.

స్ట్రీమింగ్ లెక్క దీనికి తోడు. స్పాటిఫై లాంటి వాటిలో పాట ముప్పై సెకన్లు మోగితే ఒక ప్లే కింద లెక్క. రెండున్నర నిమిషాల పాటకూ ఐదు నిమిషాల పాటకూ దక్కేది ఒకటే. అరగంటలో చిన్న పాట పన్నెండు సార్లు మోగుతుంది, పెద్దది ఆరుసార్లు. 2019లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచిన 'ఓల్డ్ టౌన్ రోడ్' అసలు పాట రెండు నిమిషాలు కూడా ఉండదు.

సినిమా లోపలి కారణాలు కూడా లేకపోలేదు. పాట చిత్రీకరణ ఖరీదైన వ్యవహారం, సెట్టు, డాన్సర్లు, ఒక్కోసారి విదేశీ లొకేషన్. డ్యూయెట్ల బదులు కథ నడిపించే మాంటేజ్ పాటలు పెరిగాయి. మాంటేజ్‌లో కథ అయిపోగానే పాట అయిపోవాలి, చరణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోదు.

డబ్బు ఎవరిది, హక్కు ఎవరిది

పాట ఎవరికి లాభం తెస్తుందో వాళ్లే దాని ఆకారం తేలుస్తారు. 1977లో సుప్రీంకోర్టు ఒక ప్రసిద్ధ తీర్పులో, నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి యజమాని అంది. కవికీ సంగీత దర్శకుడికీ ఒక్కసారి ఇచ్చే పారితోషికంతో సరి. 2012లో కాపీరైట్ చట్ట సవరణతో, సినిమా హాల్లో ప్రదర్శనను మినహాయించి, మిగతా వాడకాల్లో రాయల్టీ వాటాను వాళ్ల నుంచి రాయించుకోవడానికి వీల్లేకుండా పోయింది. 2017లో ఇళయరాజా తరఫున ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు వెళ్లినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. పాట పాడినవాడిది కాదా అన్న ఆశ్చర్యమే అందుకు ఎక్కువ కారణం. వేదిక మీద పాడితే సంగీత రచనకు రాయల్టీ కట్టాలన్న నియమం అప్పటికే పుస్తకంలో ఉంది.

ఇప్పటి తెలుగు సినిమాలో ఆడియో హక్కులు విడుదలకు ముందే గంపగుత్తగా అమ్ముడుపోతాయి. నిర్మాతకు అక్కడితో పాట లెక్క ముగిసింది, ఇక కావాల్సింది మొదటి వారం వసూళ్లకు హైప్. ఆడియో కంపెనీకి కావాల్సింది ప్లేలు. రెండో చరణం ఉంటే ఈ ఇద్దరిలో ఎవరికీ పైసా అదనంగా రాదు. దాని కోసం పట్టుబట్టేది కవి ఒక్కడే, బేరంలో అతని మాటకు బలం తక్కువ.

'నాటు నాటు' ఏం చెబుతోంది

2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో ఒరిజినల్ సాంగ్ విభాగంలో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' భారతీయ సినిమా నుంచి ఆ విభాగంలో గెలిచిన తొలి పాట. 2009లో గెలిచిన 'జయహో' బ్రిటిష్ సినిమాలోది. కీరవాణి బాణీ, చంద్రబోస్ రచన, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గానం. ఈ విజయాన్ని పాట గొప్పదనంతోనే వివరిస్తే సగం కథే చెప్పినట్టు. లిరికల్ వచ్చింది 2021 నవంబరులో, సినిమా 2022 మార్చిలో. ఆ మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ రూపం పెట్టాక అమెరికా ప్రేక్షకులు చాలామంది మొదట విన్నది హిందీ మాటల్లో. ఆ తర్వాతే అక్కడి థియేటర్లలో జనం లేచి ఎగిరే వీడియోలు వచ్చాయి. కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు చిత్రీకరించిన, ప్రేమ్ రక్షిత్ కంపోజ్ చేసిన ఆ స్టెప్పు రీల్‌కు సరిపడింది, నిజమే. కానీ సినిమాలో ఆ పాట పందెంలా సాగి, ఒక్కొక్కరే అలసి పడిపోయే దాకా నడుస్తుంది. చిన్న ముక్క జనాన్ని పిలిచింది, కూర్చోబెట్టింది మాత్రం పూర్తి పాట.

రాహుల్ సిప్లిగంజ్ నేపథ్యం కూడా ఇక్కడ గమనించదగ్గది. హైదరాబాద్ గల్లీల నుంచి వచ్చిన ఈ గాయకుడు పెద్ద పేరు రాకముందే యూట్యూబ్‌లో సొంత పాటలు వదిలి శ్రోతలను సంపాదించుకున్నాడు. ఆ దారిలో ఇప్పుడు పెద్ద జనసందోహమే ఉంది.

బరాత్‌లో చరణాలు తగ్గలేదు

తెలంగాణ జానపద యూట్యూబ్ పాట పదేళ్లుగా వేరే పరిశ్రమలా ఎదిగింది. బోనాలు, బతుకమ్మ, వినాయక చవితి దానికి సీజన్లు, పెళ్లిళ్లు ఏడాది పొడవునా గిరాకీ. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి'కి ఒక పెళ్లికూతురు వేసిన డాన్సు ఊరూవాడా తిరిగింది. 2025లో 'రాను బొంబాయికి రాను' అదే స్థాయిలో పాకింది. ఈ పాటల్లో చాలావాటికి మూడు, నాలుగు చరణాలు ఉంటాయి. వినేది ఎవరు? రీల్స్ చూసే ఆ కుర్రాళ్లే, అదే ఫోన్లో.

తేడా ఎక్కడుందంటే, ఈ పాట టికెట్ అమ్మిపెట్టదు, తానే సరుకు. దీనికి సినిమా లేదు కాబట్టి కథంతా పాటలోనే చెప్పాలి. మరదలు అలగాలి, బావ బతిమాలాలి, మళ్లీ అలగాలి. అందుకు చరణాలు కావాలి. యూట్యూబ్ ఎంతసేపు చూశారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఐదు నిమిషాల వీడియో నష్టం కాదు. ఇక బరాత్‌లో డీజే బండి ముందు ఎగిరేవాళ్లకు పాట తొందరగా అయిపోవడమే ఇబ్బంది.

రీరిలీజ్‌లు చెప్పేదీ ఇదే. 2022 ఆగస్టులో 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకున్న ఈ ధోరణిలో, 2010లో ఆడని 'ఆరెంజ్' 2023లో హాళ్లు నింపింది. జనం వెళ్లింది పాటల కోసం. తెర మీద పాట వస్తే హాలంతా మొదటి పల్లవి నుంచి చివరి చరణం దాకా వరస తప్పకుండా పాడింది. వాళ్లలో చాలామంది ఆ సినిమా వచ్చినప్పుడు స్కూల్లో ఉన్నవాళ్లు.

ఇకపై ఎటు

సమీప భవిష్యత్తులో సినిమా పాట పొడవు పెరిగే సూచనలు తక్కువ. ఉచితంగా వినిపించి ప్రకటనలతో బతికే మ్యూజిక్ యాప్‌ల వ్యాపారం మన దేశంలో ఒడిదొడుకుల్లో ఉంది. గానా 2022లో చందా పద్ధతికి మారింది, రెసో, వింక్ 2024లో మూతబడ్డాయి. చందా పెరిగినా ఒక ప్లేకు ఒక లెక్క అన్న పద్ధతి ఉన్నంతకాలం చిన్న పాటకే లాభం. యూట్యూబ్ 2023 నుంచి షార్ట్స్ మీద వచ్చే ప్రకటనల ఆదాయంలోనూ వాటా ఇస్తోంది, అది కూడా ముక్కకే బలం.

మార్పు రాగల చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి, సినిమాలో ఒక చరణం వాడి, ఆడియోలో పూర్తి పాట వదిలే పద్ధతి. కొందరు ఇప్పటికే ఇలా చేస్తున్నారు, ఖర్చు స్వల్పం. రెండోది కచేరీలు. హైదరాబాద్‌లో సినిమా సంగీత దర్శకుల లైవ్ షోలకు టికెట్ కొని వచ్చేవాళ్లు పెరుగుతున్నారు. మూడు గంటల కచేరీని రెండున్నర నిమిషాల ముక్కలతో నింపడం కష్టం, అందుకే అక్కడ పాత పాటల వాటా ఎక్కువ. కచేరీ ఆదాయం సంగీత దర్శకుడికి నేరుగా వస్తుంది, నిర్మాతతో పనిలేదు. వేదిక మీద నిలిచే పాట కావాలని అతను అడగడం మొదలుపెడితే, రెండో చరణం కోసం పట్టుబట్టేవాళ్లలో కవికి తోడుగా ఇంకొకరు చేరినట్టవుతుంది.